మీకు తెలుసా? పక్కింటివాళ్లు లేకపోతే కామెడీ లేదు

నవంబర్ 18కీ టీవీలో మొగుడూపెళ్లాల కామెడీకీ ఏదో చుట్టరికం ఉన్నట్టుంది. అమెరికాలో తొలి టీవీ సిట్‌కామ్ అని చెప్పుకునే 'మేరీ కే అండ్ జానీ' మొదలైంది 1947 నవంబర్ 18న. మన గుణ్ణం గంగరాజు గారి 'అమృతం' జెమినీ టీవీలో మొదలైంది 2001 నవంబర్ 18న. ముగిసింది కూడా నవంబర్ 18నే, 2007లో. రెండుసార్లూ ఆదివారమే. ఎవరూ పంచాంగం చూసి కలిపింది కాదు, కానీ కలిసింది.

ఆ మేరీ, జానీ నిజంగానే భార్యాభర్తలు. కథలు జానీయే రాసేవాడు. 1948లో మేరీ గర్భవతి అయింది. దాచేదేముందని ఆ కబురునీ కథలో కలిపేశారు, పుట్టిన పిల్లవాణ్నీ తెచ్చి చూపించేశారు. ప్రత్యక్ష ప్రసారాల కాలం కాబట్టి ఆ ఎపిసోడ్లు దాదాపు ఏవీ మిగల్లేదు. మిగిలిన జ్ఞాపకాల్లో మాంచిది ఒక అద్దాల కథ. అప్పటికి ఎంతమంది చూస్తున్నారో చెప్పే లెక్కలు లేవు. స్పాన్సర్ ఎవరనుకున్నారు? అనాసిన్. మన కిరాణా కొట్టులో తలనొప్పికి అడిగే ఆ మాత్రే. చూసేవాళ్లెంతమందో తేల్చుకుందామని, ఉత్తరం రాసిన మొదటి 200 మందికి చిన్న అద్దం ఉచితమని కంపెనీ ప్రకటించింది. ఎందుకైనా మంచిదని 400 అద్దాలు తెప్పించుకుంది. వచ్చిన ఉత్తరాలు దాదాపు 9,000. కంపెనీవాళ్లు వాళ్ల మాత్రలే వేసుకోవలసి వచ్చి ఉంటుంది.

ఒక్క జంటతో కథ నడిపిన కాలం అది. తర్వాతి వాళ్లు ఒక కిటుకు కనిపెట్టారు. పక్కనో పైనో ఇంకో జంటను దించడం.

39తో చాలించారు

1955 అక్టోబర్‌లో సీబీఎస్‌లో 'ది హనీమూనర్స్' వచ్చింది. బ్రూక్లిన్‌లో ఒక ఇరుకు వంటగది. బస్సు డ్రైవర్ రాల్ఫ్, అతని భార్య ఆలిస్. పై అంతస్తులో డ్రైనేజీ పని చేసే నార్టన్, అతని భార్య ట్రిక్సీ. అంతే, నలుగురు. రాల్ఫ్ రాత్రికి రాత్రి డబ్బున్నవాడు కావాలని ఏదో ఒక పథకం వేస్తాడు. నార్టన్ అందులో కాలు పెడతాడు. ఆలిస్ ముందే చెబుతుంది, ఈయన వినడు. ఏడాదికే అయిపోయింది, మొత్తం 39 ఎపిసోడ్లు. ఎవరో ఆపేయించారనుకుంటాం గానీ, రెండేళ్లకి 78 చేయాలని ఒప్పందం ఉంది. నాణ్యత నిలబెట్టలేమని చెప్పి, సగంలో ఆపింది రాల్ఫ్ వేషం వేసిన జాకీ గ్లీసనే. వెయ్యి ఎపిసోడ్లు దాటినా దండం పెట్టి దిగని మన సీరియళ్లకి అలవాటుపడ్డవాళ్లకి ఇది నమ్మబుద్ధి కాదు.

ఆ 39 చనిపోలేదు. 1960లో వచ్చిన కార్టూన్ 'ది ఫ్లింట్‌స్టోన్స్' ఆ రెండు జంటల్ని రాతియుగానికి పట్టుకెళ్లి, పక్కపక్క ఇళ్లలో పెట్టింది. అది 166 ఎపిసోడ్లు ఆడింది.

అమృతంలో మారనిది ఎవరు?

ఇప్పుడు మన సంగతి. 'అమృతం' అనగానే అందరికీ గుర్తొచ్చేది అమృతరావు. కానీ ఆ వేషం ఒక్కరిది కాదు. శివాజీ రాజా వేశారు, నరేష్ వేశారు, హర్షవర్ధన్ వేశారు. హర్షవర్ధన్ నటించడమే కాక రాసేవారు కూడా. భార్య సంజీవని వేషమూ ఝాన్సీ దగ్గర ఆగలేదు, సుప్రజకీ వెళ్లింది. అంటే కథలో అసలు మొగుడూ మారాడు, అసలు పెళ్లామూ మారింది. చూసేవాళ్లు ఒక వారం గొణుక్కుని, రెండో వారానికి సర్దుకున్నారు.

మారనిది ఎవరో చూడండి. పక్కవాటా ఆంజనేయులుగా, అదే మన అంజిగా, గుండు హనుమంతరావు. ఇంటి ఓనరు అప్పాజీగా శివన్నారాయణ. అమృతరావు హోటల్లో సర్వంగా వాసు ఇంటూరి. హీరో పోతే ఇంకో హీరో వచ్చాడు గానీ అంజి పోతే ఏమయ్యేదో ఊహించండి. ఆ అప్పాజీ మొహం లేకుండా అద్దె అడిగే సీను నడిచేదా? మొగుడూపెళ్లాల కథకి గుంజ మొగుడూ కాదు, పెళ్లామూ కాదు, పక్కింటివాడని నాకు రూఢిగా తేలింది ఇక్కడే.

టైటిల్ పాట గుర్తుందా? సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసింది, కళ్యాణి మాలిక్ బాణీ కట్టింది. భార్య కోసం పాడిన పాట కాదది. ఆంజనేలుని పిలిచి, కష్టాల్ని ఎలా తీసుకోవాలో అతనికి చెప్పే పాట. పేరు అమృతానిది, పాట అంజిది.

తొలి ఎపిసోడ్లు తీసినవారిలో చంద్రశేఖర్ యేలేటి ఒకరు. ఆ తర్వాత గంగరాజు గారే నిర్మాతగా 2003లో 'ఐతే' తీసి సినిమాల్లో పేరు తెచ్చుకున్నారు. ఎస్.ఎస్. కాంచి కూడా ఈ 'అమృత విలాస్' హోటల్ వంటగదిలో చెయ్యి తిప్పినవారే. ఎదుటి హోటలు అంబుజనాభంతో పోటీ, అద్దె బాకీ, తప్పుడు లెక్కలు, ఇంట్లో చెప్పకుండా చేసిన అప్పు. ఇంట్లో చెప్పకుండా చేయడం అన్నది తీసేస్తే సగం ఎపిసోడ్లు ఉండవు.

2014 మేలో ఇదే కథని 'అమృతం చందమామలో' అని సినిమాగా తీశారు. హోటల్ని ఏకంగా చంద్రుడి మీద పెట్టారు. అమృతం, అంజి వేషాలకి కొత్తవాళ్లు వచ్చారు, అమృతంగా అవసరాల శ్రీనివాస్. అప్పాజీ, సర్వం మాత్రం పాతవాళ్లే. చంద్రుడి మీదకి వెళ్లినా ఓనరు మారలేదన్నమాట. సినిమా ఆడలేదనుకోండి, అది వేరే సంగతి. అరగంటలో తేలిపోవాల్సిన గొడవని సినిమా అంత లాగితే మంచి మొగుడూపెళ్లాలే విసుక్కుంటారు.

313 అంటే ఎంత?

'అమృతం' మొత్తం 313 ఎపిసోడ్లు. ఆదివారం రాత్రి 8.30కి వారానికొకటి చొప్పున ఆరేళ్లు. ఇప్పుడు ఒక లెక్క వేయండి. సోమవారం నుంచి శనివారం దాకా వచ్చే డైలీ సీరియల్‌కి ఏడాదికి దగ్గర దగ్గర 313 ఎపిసోడ్లే పడతాయి. అంటే ఆరేళ్ల నవ్వు, ఒక్క ఏడాది ఏడుపు, లెక్కలో సమానం.

ఎందుకింత తేడా అంటే పనిలోనే తేడా ఉంది. సీరియల్లో అత్తగారు తలుపు తీసి కోడల్ని చూస్తే ఆ చూపుని మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపించి, ఉరుము వినిపించి, మిగతాది రేపు అనొచ్చు. కామెడీలో జోకు మూడుసార్లు చెబితే చచ్చిపోతుంది. ప్రతి వారం కొత్త ఇబ్బంది పుట్టాలి, అరగంటలో ముదరాలి, ఆ అరగంటలోనే తీరాలి. పాత్రలు వచ్చే వారానికి మళ్లీ మొదటికే రావాలి, ఏ పాఠమూ నేర్చుకోకూడదు. ఇది రాయగలిగినవాళ్లు తక్కువ. రాసినవాళ్లకి డైలీ అంత రాబడీ ఉండదు. రేపు ఏమవుతుందోనన్న బెంగ ప్రేక్షకుడికి ఉండదు కాబట్టి, ఒక వారం పెళ్లికో జాతరకో వెళ్లి చూడకపోయినా నష్టం లేదనుకుంటాడు. అలాంటి నాలుగు వారాలు చాలు, ఛానెల్ వాళ్లకి అనుమానం మొదలవడానికి.

అందుకే ప్రపంచంలో ఎక్కడ చూసినా జంటల కామెడీలు ఎక్కువగా బాల్యంలోనే పోతాయి.

నాలుగే నాలుగు ఎపిసోడ్లతో పోయినదీ ఉంది. బ్రిటన్‌లో స్టీవెన్ మోఫట్ రాసిన 'కప్లింగ్' 2000లో మొదలై 28 ఎపిసోడ్లు హాయిగా ఆడింది. అమెరికాలో ఎన్‌బీసీ 2003లో దాన్నే తిరగరాయించి, పెద్ద ఆర్భాటంతో మొదలుపెట్టి, నాలుగు వేసి ఎత్తేసింది. మీకు తెలుసా, అసలు 'కప్లింగ్'లో జంట పేర్లు స్టీవ్, సూజన్. రాసినాయన స్టీవెన్. తీసినావిడ ఆయన భార్య స్యూ వర్‌ట్యూ. ఇంట్లో గొడవని ఇంట్లోనే తేల్చుకోకుండా ఆయన స్క్రిప్టు రాశాడు, ఆవిడ బడ్జెట్ వేసింది.

గోడ ఒక్కటే, వంటగదులు రెండు

మన మఠంపల్లి మండలంలో సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి, వరుస క్వార్టర్లలో కాపురం అంటే ఏమిటో మనవైపు వాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. ఇటు వంటగది, అటు వంటగది, మధ్యన ఒక్కటే గోడ. ఇవతల కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో అవతల లెక్క ఉంటుంది. పొద్దున షిఫ్టుకి బండి స్టార్ట్ చేసిన తీరు బట్టే ఆయన మూడ్ పక్కావిడకి తెలిసిపోతుంది.

"ఏంది వదినె, అన్న తినకుండనే పోయిండు?"

"ఉప్మా చేసిన వదినె. నిన్న సేమ్యా ఉప్మా, ఇయ్యాల గోధుమరవ్వ ఉప్మా. రెండూ ఒకటే అంటడు."

"ఒకటెట్లయితయి?"

"నేనూ గదే అడిగిన. గందుకే పోయిండు."

ఇంతే సంగతి. సాయంత్రానికి వరుస చివరి క్వార్టర్ దాకా వెళ్లేసరికి ఇది ఉప్మా గొడవగా ఉండదు. ఆయన పుట్టింటివాళ్లని ఏదో అన్నాడట అని ఒకరు, ఆవిడ సర్దుకుని పోతానందట అని ఒకరు. ఆయన షిఫ్టు దిగి పకోడీ పొట్లంతో వచ్చి, ఇంటి ముందు నలుగురు ఎందుకు నిలబడ్డారో అర్థంకాక బిక్కమొహం వేస్తాడు. ఇద్దరే ఉంటే ఇందులో ఉన్నది అలక. వినేవాళ్లుంటేనే ఎపిసోడు.

ఇప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టూ వెంచర్లు వెలిశాయి. గోడలు ఎవరివి వాళ్లవే, మధ్యన నాలుగడుగుల సందు కూడా వదులుతున్నారు. విజయవాడ హైవే పట్టుకుని హైదరాబాద్ చేరిన మనవాళ్లకి ముందుగా తగిలేవి హయత్‌నగర్, వనస్థలిపురం కాలనీలు. అక్కడ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ దగ్గర పలకరింపు తప్ప వదినె వరస కలిపేంత వ్యవధి ఉండదు. టీవీ రచయితలకి ఇదో పెద్ద నష్టం. దాని సంగతి చివర్లో చెబుతాను.

కోళ్లు పెంచితే కామెడీ!

1975లో బీబీసీలో 'ది గుడ్ లైఫ్' అని వచ్చింది. లండన్ శివారు సర్బిటన్‌లో పక్కపక్కనే రెండు జంటలు. ఒకాయన 40 ఏళ్లు రాగానే ఉద్యోగం మానేసి, పెరట్లో కూరగాయలు, కోళ్లు, పందులు, ఒక మేక పెట్టుకుని సొంతంగా బతుకుతానంటాడు. భార్య సరేనంటుంది. పక్కింటి మార్గోకి పరువు పోతున్నట్టుంటుంది. 30 ఎపిసోడ్లు. మఠంపల్లి పల్లెల్లో ఎవరైనా పెరట్లో కోళ్లు పెంచితే ఆ కోడిని ఎప్పుడు కోస్తారనే అడుగుతారు గానీ నవ్వరు. శివారు కాలనీలో అదే పని తిక్కగా కనిపిస్తుంది. అందులో నాకు నచ్చింది, ఆ జంట ఎంత కష్టపడ్డా పోట్లాడుకోకపోవడం. పోట్లాట అంతా పక్కింటి జంటకి వదిలేశారు. 1978లో చివరి ప్రత్యేక ఎపిసోడ్ చిత్రీకరణకి ఎలిజబెత్ రాణి భర్తతో సహా వచ్చి ప్రేక్షకుల్లో కూర్చుంది.

దూరదర్శన్ రోజుల్లో

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబర్‌లో మొదలైంది. జాతీయ కార్యక్రమాల్లో 1984లో వచ్చిన 'యే జో హై జిందగీ' భార్యాభర్తల కామెడీకి మన దేశంలో తొలి పెద్ద హిట్. శరద్ జోషీ రాశారు. షఫీ ఇనాందార్, స్వరూప్ సంపత్ జంట, ఇంట్లో తిష్ఠ వేసిన బావమరిదిగా రాకేశ్ బేడీ. సతీశ్ షా అయితే వారానికో కొత్త వేషం. ఒకవారం ఒకరు, ఇంకోవారం ఇంకొకరు, మనిషి ఒక్కడే. హిందీ రానివాళ్లు కూడా ఆయన మొహం చూసి నవ్వారు. పదేళ్ల తర్వాత 1994లో 'శ్రీమాన్ శ్రీమతి'. ఇందులో పక్కింటి జంటల కథని ఇంకాస్త ముందుకి తోశారు: ఇటాయనకి అటావిడ మీద, అటాయనకి ఇటావిడ మీద చూపు. రీమా లాగూ, జతిన్ కనకియా ఒకవైపు, అర్చనా పూరన్ సింగ్, రాకేశ్ బేడీ ఇంకోవైపు. గీత ఎక్కడ దాటకూడదో వాళ్లకి తెలుసు, అందుకే ఇంటిల్లిపాదీ కూర్చుని చూశారు. ఆ తర్వాత అదే గోడ మీద ఎక్కిన హిందీ కామెడీలు కొన్నిటికి ఆ సంగతి తెలియలేదని నా అభిప్రాయం.

తెలుగులో అంతకు చాలా ముందే ఈ పని కాగితం మీద చేసినాయన మునిమాణిక్యం నరసింహారావు. ఆయన కాంతం లేకపోతే తెలుగు ఇల్లాలికి హాస్యంలో మాట తిప్పికొట్టే హక్కు ఇంకొన్నేళ్లు ఆలస్యమయ్యేది.

ఒక్కడే ఇద్దరై

మన కోదాడ వేణుమాధవ్ సినిమాల్లోకి రాకముందు మిమిక్రీతో పాటు మాట్లాడే బొమ్మ ప్రదర్శనలిచ్చేవారు. పెదవి కదపకుండా బొమ్మతో మాట్లాడించి, దాంతో తనే వాదన పెట్టుకుని, తనే ఓడిపోవడం. 1996లో 'సంప్రదాయం'తో తెరకెక్కారు. 2006లో వచ్చిన 'లక్ష్మి'కి నంది అందుకున్నారు. 2019 సెప్టెంబర్ 25న వెళ్లిపోయారు. ఆ బొమ్మకి భార్య వేషం కట్టి వారానికో అరగంట ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో! ఏ ఛానెల్‌కీ తట్టలేదు.

ఉగాది నాడు తలుపులు మూసి

2018 ఫిబ్రవరి 19న గుండు హనుమంతరావు పోయారు. 2020లో 'అమృతం ద్వితీయం' జీ5లో వచ్చినప్పుడు అంజిగా ఎల్.బి. శ్రీరామ్ వచ్చారు. హర్షవర్ధన్ మళ్లీ అమృతం. అప్పాజీ, సర్వం చెక్కుచెదరలేదు. ఉగాదికి విడుదల అని ముందే ప్రకటించుకున్నారు. ఆ ఏడు ఉగాది మార్చి 25. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజూ అదే! పక్కింటికి ఉగాది పచ్చడి ఇవ్వడానికి కూడా భయపడ్డ రోజున, పక్కింటివాళ్ల కామెడీ ఫోన్లలోకి వచ్చింది. ఆరేళ్ల పాత లెక్కని అది అందుకోలేదు. పాత 'అమృతం' మాత్రం యూట్యూబ్‌లో ఇప్పటికీ అన్నం తినేటప్పుడు పెట్టుకునేవాళ్లతో నడుస్తూనే ఉంది.

గోడ పోయాక

శివారు కాలనీల్లో గోడలు దూరమయ్యాయని చెప్పాను కదా. మరి రచయితలు ఏం చేశారు? 2023 ఏప్రిల్‌లో హాట్‌స్టార్‌లో వచ్చిన 'సేవ్ ది టైగర్స్' చూస్తే తెలుస్తుంది. మహి వి. రాఘవ్, ప్రదీప్ అద్వైతం సృష్టి, తొలి సీజన్ దర్శకుడు తేజ కాకుమాను. పాల వ్యాపారం చేసే ఘంటా రవిగా ప్రియదర్శి, అతని భార్య హైమావతికి గేటెడ్ కమ్యూనిటీలో ఇల్లు కావాలి. సాఫ్ట్‌వేర్ మానేసి రచయితనవుతానని ఇంట్లో కూర్చున్న రాహుల్‌గా అభినవ్ గోమఠం, అతని భార్య డాక్టరు. ప్రకటనల కంపెనీలో విక్రమ్‌గా కృష్ణచైతన్య, అతని భార్య లాయరు. ముగ్గురు మగవాళ్లూ పెళ్లాల మీద గోడు వెళ్లబోసుకుందామంటే పక్కవాటాలో అంజి లేడు. అందుకని తాగి బండి నడిపి పోలీసులకి దొరుకుతారు. వాళ్ల కాపురాల గోల వినే పని ఇక పోలీసుల మీద పడుతుంది.

హైమావతిగా వేసింది జోర్దార్ సుజాత. హెచ్ఎంటీవీలో 'జోర్దార్ వార్తలు' ఆవిడ చదువుతుంటే మనవైపు ఇళ్లలో ముసలివాళ్లు కూడా ఆగి వినేవారు. తెలంగాణ మాటని పనిమనిషికో రౌడీకో కేటాయించే అలవాటు టీవీకీ సినిమాకీ చాలాకాలం ఉండేది. ఇక్కడ ఇల్లు కావాలని, బడి కావాలని, మొగుడు మాట వినాలని పట్టుబట్టే ఇల్లాలు ఆ మాటే మాట్లాడుతుంది, వెటకారం కోసం కాదు. మఠంపల్లి దగ్గర కృష్ణ దాటితే పల్నాడు, ఇటు నల్లగొండ యాస. రెండు మాటలూ ఒకే ఇంట్లో వినబడే కాపురాలు మన దగ్గర బోలెడు. దాని మీద నాకు తెలిసి ఒక్క కామెడీ రాలేదు. ఎవరైనా రాస్తానంటే సామగ్రి నేనిస్తాను.

'సేవ్ ది టైగర్స్' తొలి సీజన్ ఎన్ని ఎపిసోడ్లో తెలుసా? ఆరు. 2003లో నాలుగుకే పోయిందని 'కప్లింగ్'ని అమెరికా పత్రికలు ఆడిపోసుకున్నాయి. ఇప్పుడు ఆరు వేసి, హిట్టయిందని చెప్పి, 2024 మార్చిలో రెండో సీజన్ తెచ్చారు.